లేసు అల్లడం వచ్చు, నిట్టింగ్ లొంగట్లేదు: స్కార్ఫ్ పక్కకి పెరిగిపోతోంది, ఏం చేయాలి?

వశిష్ఠ_గట్టు:

నమస్తే అండి. మాది నరసాపురం పక్కన పల్లెటూరు, కాబట్టి నాకు అల్లికలు రావు అంటే మా వీధిలో నవ్వుతారు. అమ్మ, అమ్మమ్మ, పక్కింటి పెద్దమ్మ అందరూ మధ్యాహ్నం గిన్నెలు కడుక్కున్నాక అరుగు మీద చేరి లేసు అల్లినవాళ్లే, నేను మూడో క్లాసులోనే చెయిన్ వేయడం నేర్చుకున్నా. ఆ ధైర్యంతోనే ఇప్పుడీ తలనొప్పి తెచ్చిపెట్టుకున్నాను.

మా చెల్లి ఢిల్లీలో ఉంటుంది, సంక్రాంతికి వస్తోంది. అక్కడి చలికి దుప్పటంత శాలువాలు ఉన్నాయి గానీ ఆఫీసులో మెడకి చుట్టుకుని కూర్చోడానికి బరువు లేకుండా, పల్చగా, లేసులా ఉండేది ఒకటి కావాలి అక్కా అని పోయినసారే అడిగింది. క్రోషాతో (మేం లేసు అల్లే కొక్కెం సూదితో) చేసిస్తానంటే వద్దంది, అది కాస్త బిరుసుగా ఉంటుందట, మెడ చుట్టూ వాలదట, నిట్టింగ్‌దే కావాలట. సరే, ఒక్క సూదితో ఇన్నేళ్లు అల్లినదాన్ని రెండు సూదులతో అల్లలేనా అనుకున్నా.

ఒక అమెరికా ఆవిడ వీడియో పెట్టుకుని మొదలెట్టా. ఆవిడ 8 నంబరు సూదులు అంది, భీమవరం వెళ్లి 8 నంబరు అడిగి తెచ్చుకున్నా, అల్యూమినియంవి. ఊలు ఆన్‌లైన్‌లో తెప్పించా, 100 గ్రాముల ఉండ, 400 మీటర్లు అని రాసుంది. 42 కుట్లు ఎక్కించా. అలలు అలలుగా వచ్చే డిజైన్, నాలుగే వరసలు, అవే తిరిగి తిరిగి వస్తాయి, కొత్తవాళ్లకి తేలిక అంది. అంచులకి మూడేసి కుట్లు ఎప్పుడూ నిట్టే, అంటే దారం వెనక పెట్టి వేసే మామూలు కుట్టే.

జానెడు అల్లేసరికి 42 కాస్తా 51 అయ్యాయి. కింద స్కార్ఫు, పైకి వచ్చేసరికి లంగా. అలలు కూడా మొదట్లో ఒకదాని మీద ఒకటి బుద్ధిగా నిలబడ్డాయి, తర్వాత్తర్వాత పక్కకి జరిగిపోతున్నాయి. ఎడమ పక్కన వరస చివర్లో కుట్లు మిగిలిపోతుంటే వాటిని మామూలుగా అల్లేసి ముందుకెళ్లా, అది తప్పా? ఇది చాలదన్నట్టు నిన్న ఒక కుట్టు సూది మీంచి జారింది, పట్టుకునేలోపు కిందికి ఐదారు వరసలు నిచ్చెనలా విడిపోయింది, క్రోషాలో నాకు జన్మలో ఇలా జరగలేదు. పైగా వీడియోలో ఆవిడది దోమతెరలా సాఫీగా ఉంది, నాది నలిపి పడేసిన కాగితంలా ముడుచుకుని కూర్చుంది. ఈ ఉక్కలో చేతులకి చెమట, ఊలు వేళ్లకి అతుక్కుంటుంది, సూదులేమో జారతాయి.

మూడుసార్లు మొత్తం విప్పేశాను. మళ్లీ మొదలెట్టాలా, లేక క్రోషాతోనే ఏదో చేసి నిట్టింగ్ అని చేతిలో పెట్టేయనా? చెల్లి కనిపెట్టేస్తుంది అనుకోండి, అదీ ఇక్కడి పిల్లే.

లంకల_రాజు:

నరసాపురంలో కూర్చుని నిట్టింగ్ అడగడం అంటే ఆత్రేయపురంలో కూర్చుని కేకు ఎలా చేయాలని అడిగినట్టుంది. మన లేసుకి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది, అది వదిలేసి ఇదేంటండీ. క్రోషా బిరుసుగా ఉందంటే మనవాళ్లు అతి సన్నటి సూదితో గట్టిగా బిగించి అల్లుతారు కాబట్టి. అదే ఊలుకి లావు సూది తీసుకుని వదులుగా అల్లి చూడండి, మెడ చుట్టూ ఎందుకు వాలదో చూద్దాం. మా ఆవిడ అలాగే ఒకటి చేసింది, బానే ఉంది.

వశిష్ఠ_గట్టు:

రాజు గారూ, మీరన్నది నిజమే, లావు సూదితో మెత్తగానే వస్తుంది. కానీ చెల్లి అడిగింది అది కాదు. పైగా ఇప్పుడు నాకు పంతం వచ్చింది.

పాలకొల్లు_పిన్ని:

అమ్మాయ్, ముందు ఆ సూదుల సంగతి చూద్దాం. అమెరికా 8 నంబరు వేరు, మన కొట్లలో దొరికే 8 నంబరు వేరు. మన దగ్గర పాత బ్రిటిష్ లెక్క ఇంకా నడుస్తోంది. అందులో 8 అంటే 4 మిల్లీమీటర్లు, అమెరికా లెక్కలో 8 అంటే 5 మిల్లీమీటర్లు. ఇంకా తమాషా ఏంటంటే బ్రిటిష్ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, అమెరికా లెక్కలో నంబరు పెరిగేకొద్దీ లావవుతుంది. అందుకని ఎవరే నంబరు చెప్పినా చెవిన పెట్టకు, మిల్లీమీటర్లు చూసి కొనుక్కో, సూది తల మీదో ప్యాకెట్టు మీదో రాసి ఉంటుంది. నీ ఊలు 100 గ్రాములకి 400 మీటర్లు అంటే సన్నదే, దానికి 4 మిల్లీమీటర్ల సూదితో బనీన్లు అల్లుకోవచ్చు, లేసుకి ఆ సన్న దారాన్నే లావు సూదితో అల్లాలి, అప్పుడే కుట్టుకి కుట్టుకి మధ్య గాలి ఆడుతుంది. నువ్వు 5 తెచ్చుకో. అల్యూమినియం వద్దు, వెదురువో చెక్కవో తీసుకో. చెమట చేతికి అవి జారవు, కుట్టు కూడా సూదిని కాస్త పట్టుకుని ఉంటుంది. మా వారి ఉద్యోగం వల్ల పదకొండేళ్లు డెహ్రాడూన్‌లో ఉన్నాం, అక్కడ ఎండలో మంచాలేసుకుని అల్లే ఆడవాళ్ల దగ్గర నేర్చుకున్నా. అక్కడ అల్యూమినియం సూదులతోనే చకచకా అల్లేదాన్ని, పాలకొల్లు వచ్చాక మే నెలలో అదే సూదులు పట్టుకుంటే సబ్బు పట్టుకున్నట్టుంది.

ఇక కుట్లు పెరగడం. నువ్వు రాసినదాన్ని బట్టి నాకొక అనుమానం. రెండో వరసలో, అంటే వెనక వైపు, మూడు నిట్, మధ్యలో అంతా పర్ల్ (నిట్‌కి తిరగేసిన కుట్టు), చివర మూడు నిట్ కదా. పర్ల్ చేసేటప్పుడు దారం నీ వైపు ఉంటుంది. చివరి మూడు నిట్ మొదలెట్టే ముందు దారాన్ని రెండు సూదుల మధ్య నుంచి వెనక్కి పంపాలి. పంపకుండా అలాగే నిట్ చేశావనుకో, దారం సూది మీదుగా వెళ్లి ఒక కొత్త కుట్టు పుడుతుంది. నువ్వు కావాలని వేసే యార్న్ ఓవర్ కూడా సరిగ్గా అదే కదా, ఇక్కడ నీకు తెలియకుండా పడుతోంది. నీ గుడ్డ పై వైపు తిప్పి కుడి అంచు చూడు, మూడు కుట్ల అంచు పక్కనే అవసరం లేని చిల్లులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయా? ఉంటే దొంగ దొరికినట్టే. మిగులు కుట్లు నీకు కనిపించేది ఎడమ పక్క, అవి పుట్టేది కుడి పక్క. ఎందుకంటే పై వరస నువ్వు కుడి నుంచే లెక్కపెడతావు, ఒక కుట్టు ఎక్కువ ఉంటే డిజైన్ అంతా ఒక కుట్టు కుడికి జరిగి, చివర్లో ఒకటి మిగులుతుంది. అలలు పక్కకి పోతున్నాయన్నావే, అదే.

మిగిలినవి మామూలుగా అల్లేసి ముందుకెళ్లా అన్నావు చూడు, అది మాత్రం తప్పే తల్లీ. మిగిలితే ఆగాలి.

కొత్తవాళ్లు చేసే పొరపాటు ఇంకోటుంది. వరస తిప్పాక దారాన్ని గట్టిగా పైకి లాగి సూది మీదుగా వెనక్కి వేస్తే మొదటి కుట్టుకి రెండు కాళ్లు పైకొచ్చి రెండు కుట్లలా కనిపిస్తుంది, రెండింట్లోనూ అల్లేస్తారు. అలా అయితే రెండు పక్కలా పెరుగుతుంది. నీది ఏ పక్క పెరిగిందో చూసి చెప్పు.

అంతర్వేది_వల:

పిన్ని గారు చెప్పిన దాని మీద ఇంకేం చెప్పక్కర్లేదు గానీ ఆ జారిపోయిన కుట్టు గురించి రాస్తాను. మాది వేట ఇల్లు, ఇప్పుడు నేను బెంగళూరులో ఉద్యోగం, సాయంత్రాలు ఖాళీగా ఉండలేక నిట్టింగ్ పట్టుకున్నా, ఆఫీసులో నవ్వుతారు, నవ్వనీ. మా నాన్న వల అల్లితే ప్రతి కన్నుకీ ముడి పడుతుంది, ఒక కన్ను తెగినా పక్క కన్ను కదలదు. మీ క్రోషాలో ముడి లేకపోయినా సూది మీద ఉండేది ఒకే ఒక్క కుట్టు, మిగతావన్నీ అల్లి మూసేసినవే, సూది జారినా ఆ ఒక్కటి పట్టుకుంటే చాలు. నిట్టింగ్‌లో అలా కాదు, వరసలో ఉన్న కుట్లన్నీ సూది మీద నోరు తెరుచుకునే ఉంటాయి, ఏది జారినా దాని కింద ఉన్నది ఊడుతుంది, దాని కింద ఉన్నదీ ఊడుతుంది. మామూలు గుడ్డ అయితే క్రోషా సూదితో కింద నుంచి ఒక్కో మెట్టూ ఎక్కించుకుంటూ రావచ్చు, అది మీకు బాగా వస్తుంది కూడా. లేసులో కుట్టు జారితే పక్కనున్న యార్న్ ఓవర్ కూడా కలిసిపోతుంది, ఏది ఏ మెట్టో తెలియదు, కళ్లు తిరుగుతాయి.

దానికి లైఫ్‌లైన్ వేసుకోవాలి. నాలుగు వరసల డిజైన్ రెండుసార్లు అయ్యాక, నాలుగో వరస చివర, మందు లేని పెద్ద కంటి సూదికి సన్నటి దారం ఎక్కించి నిట్టింగ్ సూది మీదున్న కుట్లన్నిట్లోంచి దూర్చి అలా వదిలేయండి. తర్వాత ఏం తగలబడినా సూది లాగేసి అక్కడిదాకా విప్పుకుంటే కుట్లన్నీ ఆ దారం మీద ఆగుతాయి. నేను టంగూసు, అదే గాలానికి కట్టే నైలాన్ దారం, వాడతాను, నున్నగా ఉంటుంది, ఊలుకి అంటుకోదు.

ఇంకో సంగతి. ఆ వీడియోలో ఆవిడ దారం కుడి చేత్తో పట్టుకుని సూది చుట్టూ తిప్పుతోందా? క్రోషా అల్లేవాళ్లు దారం ఎడమ చేతి వేళ్ల మీద పట్టుకుంటారు కదా, ఇరవై ఏళ్ల అలవాటు. నిట్టింగ్‌లో కూడా ఎడమ చేత్తో దారం పట్టే పద్ధతి ఉంది, కాంటినెంటల్ అంటారు, సూది కొనతో దారాన్ని కొక్కెంతో లాగినట్టే లాక్కోవడం. మీకు అదే హాయిగా ఉంటుంది. మీరు కుడి చేతికి కొత్తగా ఓనమాలు దిద్దిస్తున్నారు.

పైన సూదికి మందు లేని అని రాశాను, మొన లేని అని చదువుకోండి. ఫోను తప్పు.

పాలకొల్లు_పిన్ని:

బాబూ, ఎడమ చేతి మాట భలే చెప్పావు, నాకు తట్టలేదు. టంగూసు మాత్రం నేను ఒప్పుకోను. అది చుట్టలు చుట్టుకుంటుంది, కాస్త లాగితే అంత నున్నగానూ జారి బయటికొచ్చేస్తుంది, కొత్తపిల్ల చేతిలో అదొక నరకం. నరసాపురంలో లేసు దారం కంటే మంచిది ఏముందని? సన్నగా ఉంటుంది, పురి గట్టిగా ఉంటుంది, పీచు లేవదు. తెల్లదే వాడు. నేనొకసారి ఎర్ర దారం పెట్టి అలాగే నీళ్లలో తడిపితే గోధుమ రంగు శాలువా మీద అడ్డంగా గులాబీ గీతలు పడ్డాయి, అవి ఇప్పటికీ ఉన్నాయి.

వశిష్ఠ_గట్టు:

పిన్నీ!! కుడి అంచు చూశాను. మూడు కుట్ల పక్కనే నిచ్చెనలా చిల్లులు, లెక్కపెడితే సరిగ్గా తొమ్మిది. పన్నెండు సార్లు డిజైన్ తిప్పితే మూడుసార్లు మాత్రం ఎలాగో దారం వెనక్కి పంపానన్నమాట, అది కూడా తెలిసి చేసింది కాదు. నేను ఎడమ పక్కనే చూస్తూ కూర్చున్నా ఇన్నాళ్లూ.

ఇంకో సందేహం. ఈ డిజైన్‌లో అన్ని చిల్లులు వేస్తున్నాం కదా, ఒక్కో చిల్లుకీ ఒక కుట్టు పెరగాలి. మరి 42 దగ్గరే ఎలా ఆగుతుంది? క్రోషాలో చెయిన్ వేసి కింద కుట్లు వదిలేస్తే చిల్లు పడుతుంది, ఇక్కడ నాకా తూకం అర్థం కావట్లేదు.

పాలకొల్లు_పిన్ని:

ఇది అడిగావంటే నీకు నిట్టింగ్ వచ్చేసినట్టే. యార్న్ ఓవర్ ఒక కుట్టు పెంచుతుంది, రెండు కుట్లు కలిపి అల్లితే ఒకటి తగ్గుతుంది, లేసు అంతా ఈ ఇచ్చిపుచ్చుకోవడమే. నీ డిజైన్ 18 కుట్ల లెక్క. మొదటి వరస అంతా నిట్. రెండోది అంచులు పోను పర్ల్. అసలు పని మూడో వరసలో. రెండేసి కుట్లు కలిపి మూడుసార్లు, అంటే 6 కుట్లు 3 అయ్యాయి. తర్వాత యార్న్ ఓవర్, ఒక నిట్, ఇలా ఆరుసార్లు, 6 కుట్లు 12 అయ్యాయి. మళ్లీ రెండేసి కలిపి మూడుసార్లు, 6 కాస్తా 3. మూడూ పన్నెండూ మూడూ పద్దెనిమిది. ఆరు పోయాయి, ఆరు వచ్చాయి. నాలుగో వరస వెనక వైపు నుంచి అంతా నిట్, పర్ల్ కాదు, దాని వల్లే పై వైపు గీతలా ఒక గట్టు లేస్తుంది. కుట్లు తగ్గేవన్నీ ఒకచోట, పెరిగేవన్నీ ఒకచోట పెట్టడం వల్ల గుడ్డ అక్కడ కిందికి లాగి, ఇక్కడ పైకి ఉబ్బి అల అవుతుంది. అన్నీ సమంగా పరిస్తే చిల్లులుండేవి గానీ అల ఉండేది కాదు.

నీకు 42 అంటే రెండు పద్దెనిమిదులు, అంచులకి ఆరు. అది మరీ సన్నం, రిబ్బనులా ఉంటుంది. మూడు పద్దెనిమిదులు వేసుకో, అంచులతో 60. తడిపి పరిచాక జానెడు కంటే బాగా ఎక్కువే వస్తుంది వెడల్పు. ప్రతి పద్దెనిమిదికీ మధ్యలో సూది మీద రంగు దారం ముక్కతో చిన్న వలయం కట్టి దూర్చుకో. ఇక 60 లెక్కపెట్టక్కర్లేదు, గది గదికీ 18 చూసుకుంటే సరి, ఏ గదిలో తప్పు జరిగితే ఆ గదిలోనే పట్టుబడుతుంది. నాలుగో వరస అల్లేటప్పుడు ఎలాగూ అంతా నిట్టే కాబట్టి నోటికి లెక్క అప్పజెప్పు. సీరియల్ చూస్తూ మాత్రం మూడో వరస అల్లకు, నేను చెప్తున్నా.

కుట్లు ఎక్కించేటప్పుడు వదులుగా ఎక్కించు. మీ నరసాపురం చేతులు బిగింపు చేతులు, లేసు బిగువుగా లేకపోతే అక్కడ తీసుకోరు కదా, ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు. మొదటి వరస బిగిస్తే అల కిందికి వంగదు. రెండు సూదులూ జత చేసి పట్టుకుని వాటి మీద ఎక్కించి తర్వాత ఒకటి లాగెయ్.

ధవళేశ్వరం_డాబా:

అందరూ లెక్కల్లో పడి ఆ నలిగిన కాగితం సంగతి మర్చిపోయారు. అది తప్పు కాదండి. నిట్టింగ్ లేసు సూది మీద ఉన్నంతసేపూ అలాగే ముడుచుకుని దరిద్రంగానే ఉంటుంది. వీడియోలో చూపించినది తడిపి, సాగదీసి, పిన్నులు కొట్టి ఆరబెట్టినది. బ్లాకింగ్ అంటారు. మీ లేసుకి గంజి పెట్టి ఇస్త్రీ చేయకముందు ఎలా ఉంటుందో మీకు తెలియనిదా.

ముందు మీ ఊలు నిజంగా ఊలేనా చూసుకోండి. చిన్న ముక్క తెంపి పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల పెట్టండి. వెంట్రుక కాలిన కంపు కొట్టి, వేళ్ల మధ్య నలిపితే పొడి అయితే ఊలు. కరిగి నల్లటి గట్టి పూసలా అయితే అక్రిలిక్. ఫ్యాన్సీ షాపుల్లో ఊలు అని ఇచ్చేది ఎక్కువగా అక్రిలిక్కే, స్వెట్టర్‌కి బానే ఉంటుంది గానీ నీళ్లలో తడిపి పిన్నులు కొడితే మాట వినదు, ఆరగానే మళ్లీ ముడుచుకుంటుంది. దానికి ఇస్త్రీ పెట్టె ఆనించకుండా పైన పట్టుకుని ఆవిరి పట్టాలి, ఆనిందా కరిగి అట్ట అవుతుంది, ఇక అంతే. నూలు దారం ఈ ఉక్కకి బాగుంటుంది కదా అని కొందరంటారు. కాటన్ దొర ఊళ్లో ఉంటూ కాటన్ వద్దంటున్నానని తిట్టుకోకండి గానీ అది ఊలులా సాగి మళ్లీ వెనక్కి రాదు, బరువు, వేలాడదీస్తే రోజురోజుకీ పొడవవుతుంది, మొదటిసారి లేసుకి వద్దు.

నిజం ఊలే అయితే చల్లటి నీళ్లలో ఒక ఇరవై నిమిషాలు నాననివ్వండి. పిండొద్దు, మెలిపెట్టొద్దు. తువ్వాల్లో చుట్టి తొక్కండి, కాలితోనే. తర్వాత పరవడానికి మన దగ్గర కొబ్బరి పీచు పరుపు కంటే మంచిది లేదు, దాని మీద పొడి దుప్పటి వేసి, గుడ్డని అన్ని వైపులా బిగువుగా లాగి పిన్నులు గుచ్చితే కదలవు. అల కొనలు ఒక్కొక్కటీ విడిగా కిందికి లాగి గుచ్చాలి, అక్కడే అందం. పిన్నులు మాత్రం తుప్పు పట్టనివి కొనండి. నేను ఇంట్లో ఉన్న గుండుసూదులు గుచ్చి ఫ్యాను కింద వదిలేశా, వానాకాలం, రెండు రోజులైనా ఆరలేదు, తీసి చూస్తే అంచు పొడుగూతా తుప్పు చుక్కలు. నిమ్మకాయ రుద్దితే కొన్ని పోయాయి, కొన్ని ఉన్నాయి. మీరు డిసెంబర్లో చేస్తారు కాబట్టి ఒక్క రోజులో ఆరుతుంది. ఎండలో వద్దు.

ఇంకో ముక్క, పనికొచ్చేది కాదు. మీరు అల్లుతున్న ఆ అలల డిజైన్ స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవులది, ఓల్డ్ షేల్ అంటారు. అక్కడివాళ్లు అల్లిన పెళ్లి శాలువాలు ఉంగరంలోంచి దూరతాయని పేరు, మన అగ్గిపెట్టెలో పట్టే చీర లాగా. మన గోదావరి వైపు లేసు నేర్పింది కూడా స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీలే అని చెబుతారు. రాజు గారు మరీ అంత పరాయిదాన్ని చూసినట్టు చూడక్కర్లేదు.

లంకల_రాజు:

సరే సరే, నేనేం అనలేదు. అయితే ఉంగరంలోంచి దూర్చి ఫోటో పెట్టండి చూద్దాం.

వశిష్ఠ_గట్టు:

పది రోజుల తర్వాత రాస్తున్నా. ఊలు కాల్చి చూశా, జుట్టు కాలిన కంపే, మా ఆయన వంటింట్లోకి పరిగెత్తుకొచ్చారు. 5 మిల్లీమీటర్ల వెదురు సూదులు తెప్పించా, రెండింటినీ కలుపుతూ మధ్యలో తీగ ఉండేవి, బరువు ఒళ్లో పడుతుంది, సూది జారి మంచం కిందకి పోయే పని లేదు. దారం ఎడమ చేతికి మార్చాను. మొదటి రోజు పర్ల్ చేయడానికి ఏడుపొచ్చింది, మూడో రోజుకి చేతికి దొరికింది, ఇప్పుడు లేసు అల్లినంత కాకపోయినా దాదాపు అంతే వస్తోంది. మొన్న సఖినేటిపల్లి వెళ్తూ గోదావరి దాటే పంటు మీద కూడా నాలుగు వరసలు అల్లా, పక్కన కూర్చున్న ముసలావిడ ఇదేం లేసు, రెండు పుల్లలతో అని తీసుకుని చూసి, చిల్లులు సమంగా పడ్డాయి అని ఒప్పుకుంది. అక్కడే మూడో వరసలో ఒక యార్న్ ఓవర్ మర్చిపోయా. మధ్య గదిలో 17 వచ్చాయి. లైఫ్‌లైన్ దాకా విప్పితే అయిదు నిమిషాల పని. పోయిన నెలలో అయితే మొత్తం విప్పి ఉండేదాన్ని.

ఇప్పుడు అసలు ప్రశ్న. మొదలు అంచు అలలుగా చక్కగా వంగింది. చివర మూసేసేటప్పుడు కూడా అలాగే వస్తుందా? వీడియోలో ఆవిడ స్కార్ఫు రెండో కొస చూపించలేదు, అనుమానంగా ఉంది.

పాలకొల్లు_పిన్ని:

అనుమానం సరైనదే. రెండో కొస కూడా వంకరలుగానే వస్తుంది గానీ మొదటిదాని అంత అందంగా వంగదు. పైగా డిజైన్ ఒక చివర కిందికి, ఇంకో చివర పైకి చూస్తుంది. మెడలో వేసుకుంటే రెండు కొసలూ ముందుకే వేలాడతాయి కదా, పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. చాలామంది పట్టించుకోరు. మీ చెల్లి పట్టించుకునే రకంలా ఉంది.

అలా వద్దనుకుంటే సగం దగ్గర ఆపు. కుట్లు మూసేయకుండా లేసు దారం మీదకి దించి పక్కన పెట్టు. ఇంకో ముక్క మళ్లీ 60 కుట్లతో మొదటి నుంచి అల్లు, అంతే పొడవు. తర్వాత దారం మీదున్న కుట్లు మళ్లీ సూది మీదకి ఎక్కించి, రెండు ముక్కలూ పై వైపులు ఎదురెదురుగా పెట్టి, రెండు సూదుల మీదా ఉన్న కుట్లని మూడో సూదితో దాని నుంచి ఒకటి, దీని నుంచి ఒకటి కలిపి అల్లుతూ మూసెయ్. మధ్యలో సన్నటి గట్టు వస్తుంది, అది మెడ వెనక జుట్టు కిందకి పోతుంది. రెండు కొసలకీ మొదటి అంచే ఉంటుంది. మూసేటప్పుడు కూడా వదులుగా, బిగిస్తే అక్కడ నడుం కట్టినట్టుంటుంది.

ఊలు సరిపోతుందా అంటావేమో. పొడవు చూసి కాదు, తూకం చూసి ఆపు. ఉండలో 50 గ్రాములు మిగిలాయంటే సగం అయినట్టు, కలపడానికి కూడా కావాలి కాబట్టి 52 దగ్గరే ఆపు. ఇంట్లో వంటింటి కాటా ఉందా?

వశిష్ఠ_గట్టు:

వంటింటి కాటా లేదు పిన్నీ, కానీ పక్కింటి పెద్దమ్మ దగ్గర లేసు దారం తూచి ఇచ్చే కాటా ఉంది, దారం ఎంత ఇచ్చామో లేసు అంత తిరిగొచ్చిందా అని గ్రాము గ్రాముకీ చూసుకునేది. నా ఉండ దాని మీద పెడితే ఇప్పుడు 61 ఉంది. పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని గుడ్డ తిప్పి తిప్పి చూసి, కుడి అంచు నువ్వే అల్లావా అంది.

ఇవాళ రాత్రికి ఇంకో నాలుగు వరసలు. కుట్లు ఇప్పటికి 60.